మూడు వేళ్ల ప్రెసిడెంటు

ఆ ఎండాకాలం మా వీధిలో పోయినవేమిటో ముందే లెక్క చెప్పేస్తాను. పుంజులు ఏడు, పెట్టలు నాలుగు, వెరసి పదకొండు ప్రాణాలు. గౌరమ్మ పిన్ని మీదికి విసిరితే గురి తప్పి నూతిలో పడ్డ చీపురు ఒకటి. చీపురు విసిరిన మా మామ్మను లోపలికి లాగడంలో పగిలిన మా అమ్మ గాజులు రెండు. రోలుగుంట మావయ్య తెల్ల చొక్కా ఒకటి, పసుపు మరక వదలక. రెండిళ్ల మధ్య మాటలు, పదిహేడు రోజులవి. కోడి కాలి వేలు ఒకటి. ఇవి కాక మా మామ్మకు ఆదివారం కూర పోయింది. అదొక్కటే పెద్ద అంకె గనక దాన్ని చివరికి ఉంచుతున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం కె. కోటపాడు అవతల మా తమ్ముడు పెట్టిన కోళ్ల షెడ్డు చూడటానికి వెళ్లాను. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ లెక్కలు ఆగలేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో బళ్లకెక్కే దిమ్మలు లెక్కపెట్టే పనిలో ఇరవై మూడేళ్ల నుంచి ఉన్నాను. నా ఎదురుగా ఏవైనా ఒకటికి మించి ఉంటే లెక్కపెట్టకుండా నిలబడలేను. షెడ్డులో అయిదు వేల కోళ్లున్నాయని తమ్ముడు అన్నాడు. నేను గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి మూడు వందల పద్నాలుగు దాకా వచ్చాను. అన్నీ తెలుపు, అన్నీ ఒకే వయసు, అన్నీ ఒకేసారి ఇటు కదిలి ఒకేసారి అటు కదులుతున్నాయి. పద్నాలుగోది ఏదో, నూట పద్నాలుగోది ఏదో తెలియక లెక్క తప్పాను. ఎర్ర డబ్బాల్లోకి గొట్టంలోంచి మేత దానంతటదే పడుతోంది. ఒక కోడిని పట్టుకుని, తలకిందులుగా కాకుండా మర్యాదగా పట్టుకుని, దాని కాలి వేళ్లు లెక్కపెట్టాను. నాలుగు. రెండో కాలు చూశాను. నాలుగే.

"ఏటి సేత్తన్నావప్పా?" అన్నాడు తమ్ముడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"వేళ్లు సూత్తన్నాను."

"అయిదు వేల కోళ్లకీ సూత్తావేటి? నలభై రోజుల్లో లారీ ఎక్కిపోతాయి. నీ లెక్క అయ్యేలోగా ఇంకో బేచీ దిగిపోద్ది." అని నవ్వి, "మామ్మ ఉంటే ఎంత సంతోసించేదో! ఇక్కడ ఎవులి సెయ్యీ తగల్దు. మామ్మ రూలు పెకారం ఈ కోళ్లని భూమ్మీద ఎవులైనా తినొచ్చు" అన్నాడు. మామ్మ రూలు అన్న మాట విని నాకు ముప్పై ఏళ్ల కిందటి బొగ్గు గీతలు కళ్ల ముందుకు వచ్చాయి.

మా మామ్మ రూలు ఒక్కటే. మన గింజ తిన్నదాన్ని మనం తినకూడదు. కోడిని తినకూడదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. కోడి కూరంటే మామ్మకు ఎంత ఇష్టమంటే, ఆదివారం పొద్దున్న మసాలా నూరుతుంటే రోటి చుట్టూ ఏదో వంకతో నాలుగుసార్లు తిరిగేది. కానీ పొద్దున్నే "బా బా బా" అని పిలిచి చోళ్లు జల్లిన చేత్తో, మధ్యాహ్నం అదే కోడిని కంచంలో కెలకడం రాక్షసుల పని అనేది. మరి మేపిన కోళ్లను ఏం చెయ్యాలి? దానికి మా వీధి ఆరిళ్లవాళ్లూ ఒక దారి కనిపెట్టారు. మా ఇంటికి చుట్టమొస్తే, మా కోడినొకదాన్ని బతికుండగానే ఎదురింటి సన్యాసమ్మత్తకు ఇచ్చేస్తాం. ఆవిడ తన కోడిని కోసి, ఈకలు పీకి, గడ్డిమంట మీద కాల్చి, పసుపు రాసి, తప్పేలాలో మూత పెట్టి పంపిస్తుంది. తలా తోకా ఉండవు గనక అది ఎవరో మాకు తెలియదు. ఆవిడకు చుట్టమొచ్చినప్పుడు ఇంకో ఇంటితో ఇదే మార్పిడి. బరువు తేడా వస్తే గుడ్లు ఇచ్చి సరిపెట్టుకోవాలి. అలా మా ఆరిళ్లలో వారం వారం కోడి కూర వండేవారు గానీ, ఎవరికి వారు తమ కోడిని తిన్న పాపం మాత్రం లేదు. చంపిన పాపమో? అది అడిగినందుకు నాకు వీపు మీద ఒకటి పడింది. "కోసింది ఆలు, తిన్నది మనం. మద్దిన ఎవులూ నేరు" అంది మామ్మ.

ఈ మార్పిడిలో ఒక చిక్కు ఉంది. వచ్చిన బతికున్న కోడికి గింజ పడకముందే కోసేస్తే దాన్ని ఆ ఇంటివాళ్లు తినొచ్చు. ఒక్క పూట ఆగి నాలుగు నూకలు తిన్నదా, అది వాళ్ల గింజ కూడా తిన్నట్టే. ఇక వాళ్లూ తినడానికి లేదు, ఇంకొకరికి ఇచ్చుకోవాల్సిందే. అందుకని కొన్ని కోళ్లు ఇంటింటికీ తిరుగుతూనే ఉండేవి. ఎవరి కోడి ఎక్కడుందో, ఎవరికి ఎన్ని గుడ్లు రావాలో పెద్దవాళ్లకు గుర్తుండేది కాదు. ప్రతి ఆదివారం పోట్లాట. చివరికి ఆ లెక్క పదేళ్లదాన్నైన నా మీద పెట్టారు. మా వంటింటి వెనక గోడ మీద బొగ్గుతో ఒక్కో కోడికి ఒక్కో వరస గీశాను. ఇంటికో గుర్తు. మాది సున్నా, సన్యాసమ్మత్తది నిలువు గీత, వీధి చివర గౌరమ్మ పిన్నిది ఇంటూ గుర్తు. కోడి చేతులు మారినప్పుడల్లా ఒక గుర్తు. తిన్నాక అడ్డగీత. నా జీవితంలో అంత పెద్ద ఉద్యోగం మళ్లీ రాలేదు.

ఇక ప్రెసిడెంటు. అది మా ఎర్రపుంజు. కోళ్లకు పేర్లు పెట్టకూడదని మామ్మ కట్టడి. పేరు పెట్టాక పసుపు రాయడం కష్టం అనేది. కానీ అది ఛాతీ ముందుకు పెట్టి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ, ఎవరూ అడక్కపోయినా మా చుట్టుపక్కల గుమ్మాలన్నింటి దగ్గరా ఆగి లోపలికి తొంగిచూసి వెళ్లేది. దాన్ని ప్రెసిడెంటు అనక ఏమంటాం? ఒకసారి అలాగే మా వంటింట్లోకి తనిఖీకి వచ్చింది. మామ్మ చూడకుండా తలుపు వేసింది. ఎడమ కాలి వేలొకటి తెగిపోయింది. మామ్మ తొమ్మిది రోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపూ నూనే రాసి పాతగుడ్డ కట్టింది. పదో రోజున అది మళ్లీ తనిఖీకి వెళ్లింది, ఈసారి కాస్త కుంటుతూ. కోడి కాలికి నాలుగు వేళ్లు. ప్రెసిడెంటు ఎడమ కాలికి మూడే.

ఒక ఆదివారం చుట్టమొచ్చాడని నాన్న ప్రెసిడెంటును పట్టి సన్యాసమ్మత్తకు ఇచ్చేశాడు. నేను ఏడవలేదు. లెక్క వేశాను. ఆరిళ్లు. మా గింజ అది ఎప్పుడో తిన్నది. మిగతా అయిదిళ్ల గింజ కూడా తినేస్తే ఇక ఈ వీధిలో దాన్ని ఎవరూ తినడానికి వీల్లేదు! మామ్మ రూలు పెట్టిన ఇన్నేళ్లలో ఎవరికీ తట్టని సంగతి నాకు తట్టింది. పరుగెత్తి వెళ్లేసరికి సన్యాసమ్మత్త కత్తిపీట కడుగుతోంది. ఆవిడ చాటలోంచే గుప్పెడు నూకలు తీసి, గంప కింద మూసిన ప్రెసిడెంటు ముందు జల్లాను.

"ఓసి గుంటా! ఏటే ఆ పని?"

"తినేసిందత్తా. ఇంక మీరు తినకూడదు."

"నీ లెక్కలు తగలెయ్య. మా ఆయనకి ఇప్పుడేటి ఒండాలి, నీ బొగ్గా?" అంది గానీ కత్తిపీట గోడకు ఆనించేసింది. ఆవిడకు కోళ్లంటే అసలే ప్రాణం. బుజ్జి అని ఒక మచ్చల పెట్టను ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం పెట్టేది. పేరు పెట్టకూడదన్న కట్టడి ఆవిడా పాటించలేదు.

అలా అయిదు వారాలు ప్రెసిడెంటు వెనక తిరిగాను. సన్యాసమ్మత్త దగ్గర నుంచి రెండో ఇల్లు, మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. అది వెళ్లిన ప్రతి గుమ్మానికీ దాని కంటే ముందో, దాని వెనకనో నేను. గోడ మీద దాని వరసలో అయిదు గుర్తులు పడ్డాయి. మా సున్నాతో కలిపి అయిదు. మిగిలింది గౌరమ్మ పిన్ని ఒక్కర్తే. వీధి చివర ఇల్లు కదా, ఆవిడకు ప్రెసిడెంటు ముఖం తెలియదు. ఆవిడ లెక్కలో అదో ఎర్రపుంజు. మా వీధిలో ఎర్రపుంజులకు కొదవా?

ఆ ఆదివారం పొద్దున్నే ప్రెసిడెంటు గౌరమ్మ పిన్ని ఇంటికి చేరింది. నేను లేస్తూనే బయల్దేరాను. గుమ్మంలో మామ్మ పట్టుకుంది. "తలంటు. రోలుగుంట నుంచి మీ మావయ్య వత్తన్నాడు. ఈ తల్తో ఆడి ముందు తిరుగుతావేటి?" నూనె మర్దనా ఒక గంట. కుంకుడుకాయల రసం రెండు చెంబులు. కళ్లు మూసుకుని నేను "మామ్మా, ఒక్క గుప్పెడు నూకలేసి వచ్చేస్తానే" అని ఏడుస్తుంటే, కళ్లలో రసం పడిందనుకుని ఆవిడ ఇంకో చెంబు నీళ్లు పోసింది. అదే సమయంలో మా నాన్న, చుట్టమొస్తున్నాడు గనక, మా నల్లపెట్టను చంకలో పెట్టుకుని మార్పిడికి గౌరమ్మ పిన్ని ఇంటికి వెళ్లాడు. ఈ సంగతి ఆ నురగలో నాకు తెలియలేదు. గౌరమ్మ పిన్ని చాలా నియమం గల మనిషి. వచ్చిన పుంజుకు గింజ పడకముందే, పద్ధతి ప్రకారం కోసి, కాల్చి, పసుపు రాసి, తప్పేలాలో పెట్టి మాకే పంపింది. అందరూ రూలు ప్రకారమే చేశారు. ఎవరిదీ ఒక్క పొరపాటు లేదు.

మావయ్య తెల్లచొక్కాతో వచ్చాడు. అందరం వరసగా కూర్చున్నాం. మా ఇంట్లో కాళ్లు ఎప్పుడూ నావే, కొరకడానికి ఎక్కువసేపు పడుతుందని నేనే అడిగి వేయించుకునేదాన్ని. అమ్మ రెండు కాళ్లూ వేసింది. అలవాటు ప్రకారం కుడికాలు లెక్కపెట్టాను. నాలుగు. ఎడమ కాలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఒక్కోసారి ఉల్లిపాయ అడ్డమొస్తుంది కదా అని పులుసు తుడిచి మూడోసారి లెక్కపెట్టాను.

"మూడే ఉన్నాయి" అన్నాను.

"ఏటి మూడు?" అంది మామ్మ, రెండోసారి వడ్డించుకుంటూ. "ఇయ్యాల ముక్క వెన్నలాగుందిరా బాబూ. ఎవులు మేపేరో గానీ మా బాగా మేపేరు."

నేను కాలు పైకెత్తి చూపించాను. మామ్మ చూసింది. తొమ్మిది రోజులు తను కట్టు కట్టిన కాలు అది. చేతిలోని ముద్ద అలాగే గాల్లో ఆగిపోయింది. మావయ్యకు సంగతి అర్థమై ఉలిక్కిపడ్డాడు, అప్పుడే పులుసు ఒలికి చొక్కా పోయింది. అయినా ఆయన ఆపలేదు. "ఎవులి కోడైతేటి అత్తా, ఉప్పు సరిపోయింది" అన్నాడు.

మామ్మ లేచి నూతి దగ్గరకెళ్లి పదిహేడుసార్లు పుక్కిలించింది. తర్వాత చీపురు తీసుకుంది.

"ఒసే గౌరీ! మా కోడిని మాకే తినిపిత్తావేటే?"

"నాకేటి తెల్సు పెద్దమ్మా! దాని మొకం మీద మీ ఇంటి పేరు రాసుందేటి? అయిదిళ్ల కూడు తినొచ్చింది, నాది మాత్రం తిన్నేదు!"

చీపురు నూతిలో పడ్డాక, గాజులు పగిలాక, గోల కాస్త తగ్గాక, ఆరిళ్ల ఆడవాళ్లకూ ఒకేసారి ఒకే అనుమానం వచ్చింది. అందరూ మా వెనక గోడ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. నా తల ఇంకా తడిగానే ఉంది.

"సెప్పవే లెక్కల గుంటా. ఈ ఎండాకాలం పదకొండు తిన్నాం. ఇలాగ ఎన్ని తిరిగి సొంతింటికొచ్చేయి?"

గుర్తులు చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. వరస ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగొచ్చి అడ్డగీత పడినవి ఏవో చూశాను. మొదటి వరస కాదు. రెండోది కాదు. నాలుగోది, అవును. ఏడోది, అవును. తొమ్మిదోది నిలువు గీతతో మొదలై, మూడిళ్లు తిరిగి, నిలువు గీత దగ్గరే ఆగింది. అది మార్పిడిలో ఇచ్చేసిన బుజ్జి. సన్యాసమ్మత్త మనవరాలి బారసాలకు వండిన కోడి. ఆ రోజు ఆవిడ నా నోట్లో కూడా ఒక ముక్క పెట్టింది. పదకొండోది ప్రెసిడెంటు. మొత్తం నాలుగు.

సన్యాసమ్మత్త నా భుజం పట్టుకుంది. "మా బుజ్జి కాదు గదే? బుజ్జి ఎక్కడికో మంచింటికి ఎల్లింది గదే?" ఇవతల మామ్మ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. నాలుగు అని నేను అంటే, మామ్మకు తోడు మరో ముగ్గురు దొరుకుతారు. ఒక్కర్తే చేసిన పాపం కాదని నిలదొక్కుకుంటుంది. ఒకటి అంటే మూడిళ్లు హాయిగా ఉంటాయి, మామ్మ ఒక్కర్తీ మిగులుతుంది. ఆ పదేళ్ల బుర్రతో ఎటు కూడినా తీసివేసినా సరిపోలేదు. భుజం మీద చెయ్యి మాత్రం బరువుగా ఉంది.

"ఒకటే" అన్నాను. "మాదే."

లెక్కల్లో నేను ఆడిన అబద్ధం ఇప్పటికీ అదొక్కటే. ఆ సాయంత్రమే గోడకు సున్నం కొట్టేశాను.

గౌరమ్మ పిన్నితో మాటలు పద్దెనిమిదో రోజున కలిశాయి, ఆవిడకు పంచదార కావలసి వచ్చి. మార్పిడి మళ్లీ మొదలైంది. కానీ మామ్మ ఆ రోజు నుంచి ముక్క ముట్టలేదు. "ఊరంతా బాగానే ఉంది. నా ఒక్కర్తి నోటికే ఎందుకొచ్చిందే అది?" అని ఏడాదికోసారైనా అడిగేది. ఆదివారం అందరికీ కూర, ఆవిడకు ములక్కాడల పులుసు. మూడో ఏడు కాబోలు, పొయ్యి దగ్గర నన్ను పక్కకు పిలిచి మెల్లిగా అడిగింది.

"ఒసే, పులుసు లెక్కలోకి వత్తాదేటే? ముక్క తీసేసి ఉత్త పులుసు?"

"వస్తాది మామ్మా" అన్నాను. అబద్ధం ఆడినదాన్ని కదా, మిగతా లెక్కల్లో కచ్చితంగా ఉండాలనిపించింది. అంత మూర్ఖత్వం పిల్లలకే సాధ్యం.

"మరి వాసనో?"

"వాసన లెక్కలోకి రాదు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మామ్మ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, తాలింపు నుంచి కొత్తిమీర దాకా వాసన భోంచేసేది. ఆఖరున లేచి, "ఉప్పు తక్కువయ్యింది" అనేది. ఎప్పుడూ తప్పలేదు. చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ మామ్మ కడుపులో మాట గంటసేపు దాగేది కాదు. విన్న మరుక్షణం వీధిలోకి వెళ్లి "ఒసే సన్యాసీ, నువ్వూ తిన్నావంట!" అని కేకేసేది. ఆవిడ మంచాన పడ్డాక మూడుసార్లు చెప్పడానికే కూర్చున్నాను. మూడుసార్లూ సన్యాసమ్మత్త మజ్జిగ చెంబుతో వచ్చి పక్కనే కూర్చుంది.

మొన్న షెడ్డు నుంచి వస్తుంటే తమ్ముడు ఒక కోడిని కోయించి కవరులో పెట్టి ఇచ్చాడు. దారిలో మా పాత వీధిలో దిగాను. సన్యాసమ్మత్త ఉంది, బాగా పెద్దదైపోయింది, చెవులు మాత్రం బాగున్నాయి. లెక్క చెప్పాల్సిన మిగతా రెండిళ్లవాళ్లూ ఇప్పుడు లేరు. కవరు ఆవిడ చేతిలో పెట్టాను.

"ఎవులిదే ఇది?"

"తమ్ముడి షెడ్డుది అత్తా."

"ఆడి సేత్తో మేపేడా?"

"లేదు. గొట్టంలోంచి మేత పడతాది. ఎవరి చెయ్యీ తగలదు."

ఆవిడ కవరు విప్పి చాలాసేపు చూసింది. ముఖం కోసం వెతికిందో ఏమో. "అయితే ఇది ఎవుల్దీ కాదన్నమాట" అంది. "పాపం. దీన్ని ఎవులితో మార్సుకుంటాం?" మేము ఆ రోజుల్లో కోడి ముఖం చూడకుండా ఉండటానికి ఆరిళ్లు తిరిగేవాళ్లం, గోడ మీద లెక్కలు రాసుకునేవాళ్లం, చీపుర్లు విసురుకునేవాళ్లం. ఒక్క కోడి కూడా దానివల్ల బతకలేదు, అది నిజమే. అయినా ఒక్కో కోడి పోతే వీధి వీధంతా తలకిందులయ్యేది. షెడ్డులో అయిదు వేలు లారీ ఎక్కితే, పుక్కిలించేవాళ్లు ఎవరూ ఉండరు. ఇది పుణ్యమో పాపమో తేల్చే లెక్క నాకు రాదు. ఆవిడ వండిన కూర నేనూ తిన్నాను, రెండుసార్లు వడ్డించుకున్నాను.

తింటూ అత్త అంది, "మీ మామ్మ పాపం నోరు కట్టేసుకుని పోయింది. మా ఇంట్లో మాత్రం మా కోడి ఏనాడూ ఉడకలేదమ్మా. నా బుజ్జి ఎక్కడో సల్లగా ముసిల్దయ్యి పోయుంటాది. ఆ ఒక్క గొప్పా మిగిలింది నాకు."

నేను నోరు తెరిచాను. ఆవిడ అందులో ఒక ముక్క పెట్టింది, బారసాల నాడు పెట్టినట్టే. నమిలి మింగి, "అవునత్తా" అన్నాను.

మామ్మ నా అబద్ధం తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. ఒకటి అన్న చోట నాలుగు అని ఉంటే ఆవిడ తిని ఉండేది. వాసన తీసెయ్యగా, పులుసుతో సహా, నేను మామ్మకు బాకీ ఉన్న కూరలు ఇప్పటికి ఏడు వందల ఇరవై ఎనిమిది.